పదిమంది వాడుకునే రిపీటర్ పెట్టె: కట్టేవాళ్ల కోసం

సింహాచలం గిరిప్రదక్షిణ దారి 32 కిలోమీటర్లు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండను చుట్టేసి మళ్లీ మొదటికి వస్తారు. మధ్యాహ్నం మొదలైన నడక మర్నాటి దాకా సాగుతుంది. లక్షల మంది. రేడియో పట్టుకున్నవాడికి ఇక్కడ చిక్కంతా మధ్యలో ఉన్న కొండతోనే. హనుమంతవాకలో 5 వాట్ల హ్యాండ్‌సెట్‌తో ఎంత గొంతు చించుకున్నా గోపాలపట్నంలో వినబడదు గాక వినబడదు. అదే కొండ నెత్తిన ఒక రిపీటర్, అంటే విన్న మాటని మళ్లీ గాల్లోకి పలికే రేడియో, పెడితే రెండు పక్కలా వినబడుతుంది. అడ్డం పడ్డ కొండే అప్పుడు స్తంభమవుతుంది.

నాది గోపాలపట్నంలో ఇన్వర్టర్ బ్యాటరీల షాపు. హుద్‌హుద్ తర్వాత హ్యామ్ (సరదాగా, డబ్బు ఆశించకుండా రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్సు తీసుకున్నాను. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖ మీద పడ్డాక కరెంటు లేదు, సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోయాయి, ఊరు నిండా చెట్లు పడి వీధిలో స్కూటరు కూడా కదల్లేదు. పక్క కాలనీలో ఉన్న అన్నదమ్ముడు ఎలా ఉన్నాడో తెలియాలంటే నడుచుకుంటూ వెళ్లడమే. అప్పటి నుంచి మా స్నేహితులం కొందరం చందాలు వేసుకుని, ఎత్తుకెళ్లగలిగే రిపీటర్ ఒకటి కట్టుకుని, అందరం వాడుకుంటున్నాం. అలాంటిది మీ ఊళ్లోనూ కట్టుకోవాలనుకునే హ్యామ్‌ల కోసం ఇది రాస్తున్నాను. 2027 గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వైపు వాళ్లకి పనికొస్తే సంతోషం.

ఉమ్మడి రిపీటర్‌కి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. కట్టినవాడు ఊళ్లో లేనప్పుడు, దాన్ని ఎన్నడూ ముట్టుకోని మరో హ్యామ్ పెట్టె తెరిచి, ఎవరికీ ఫోన్ చెయ్యకుండా గాల్లోకి ఎక్కించగలగాలి. ఫోన్ చెయ్యకుండా అని ఎందుకంటున్నానంటే, ఈ పెట్టె నిజంగా కావలసిన రోజున ఫోన్లు పని చెయ్యవు. కింద చెప్పే ప్రతి నిర్ణయానికీ మూలం ఇదే.

ముందు కాగితాలు

టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ పెట్టే పరీక్ష పాసై లైసెన్సు ఉన్నవాళ్లే హ్యామ్ బ్యాండ్లలో మాట్లాడాలి. మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) రాకపోయినా రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ రాసుకోవచ్చు, హ్యాండ్‌సెట్లు పని చేసే బ్యాండ్లయిన వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్‌లకి అది చాలు. రిపీటర్ మాత్రం మీ సొంత లైసెన్సు మీద చటుక్కున పెట్టేసుకునేది కాదు, దానికి అనుమతి వేరే. కార్యక్రమం తేదీ దగ్గర పడ్డాక పరిగెత్తకుండా నెలల ముందే క్లబ్బు పేరు మీద దరఖాస్తు పెట్టండి. పెట్టె పెట్టే స్థలానికి మరో అనుమతి కావాలి: కొండయితే దేవస్థానం, అటవీశాఖ, మేడయితే అపార్టుమెంటు సంఘం. మా విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది కాబట్టి కొండ మీద కొత్త స్తంభం కనిపిస్తే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. అడగడం న్యాయమే. లైసెన్సు నకలు, అనుమతి పత్రం, స్థలం ఇచ్చినవాళ్ల లేఖ ప్లాస్టిక్ కవర్లో వేసి పెట్టె మూతకే అంటించి ఉంచండి. స్థానిక పోలీసు స్టేషన్‌కి ముందురోజే ఒక కాపీ ఇచ్చి రండి.

ఇంకో సంగతి నిర్వాహకులకి మొదటి సమావేశంలోనే చెప్పాలి. "మీ సెట్లు నాలుగు మా వలంటీర్లకి ఇవ్వండి బాబూ" అని అడుగుతారు. ఇవ్వకూడదు. లైసెన్సు లేని మనిషి చేతికి సెట్టు వెళ్లకూడదు. ప్రసాదాల లారీ ఎక్కడుందో, పార్కింగులో చోటుందో లేదో చెప్పే పని కూడా మనది కాదు. ప్రతి వైద్య శిబిరం దగ్గరా మన హ్యామ్ ఒకరు కూర్చుంటారు, తప్పిపోయిన పిల్లలు, స్పృహ తప్పినవాళ్ల విషయం తమలో తాము మాట్లాడుకుంటారు, పక్కనున్న డాక్టరుకి నోటితో చెబుతారు. ప్రకృతి విపత్తు వచ్చినప్పుడు మాత్రం కలెక్టరు స్థాయి అధికారుల సందేశాలు చేరవేసే వీలు నియమాల్లో ఉంది. డబ్బు తీసుకోవడం ఎప్పుడూ లేదు.

ఏ రకం పెట్టె

రిపీటర్ అంటే ఒక ఫ్రీక్వెన్సీలో విని అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో పలికేది. రెండూ ఒకే బ్యాండ్‌లో ఉంటే తన గొంతే తన చెవులు మూసేస్తుంది. దానికి విరుగుడు ఆ రెంటినీ వేరు చేసే డ్యూప్లెక్సర్. 2 మీటర్ల బ్యాండ్‌లో (హ్యామ్‌ల వీహెచ్‌ఎఫ్, 145 మెగాహెర్ట్జ్ దగ్గర) వినే, పలికే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా మామూలుగా 600 కిలోహెర్ట్జ్. అంత దగ్గరి రెంటినీ విడదీయాలంటే నిలువెత్తు గొట్టాల్లాంటి క్యావిటీలు కావాలి. బరువు, ఖరీదు. ఆటోలో రెండు గుంతలు తగిలితే ట్యూనింగ్ తప్పుతుంది, మళ్లీ సరిచెయ్యాలంటే కొలిచే పరికరం, అది వాడటం తెలిసిన మనిషి ఉండాలి. మేడ మీద శాశ్వతంగా ఉండే రిపీటర్‌కి అదే సరైనది. మోసుకెళ్లే పెట్టెకి కాదు.

"యూహెచ్‌ఎఫ్ డ్యూప్లెక్సర్ అరచేతిలో పడుతుందిగా" అంటారు. పడుతుంది. కానీ ఆ చిన్న డ్యూప్లెక్సర్లు ఎక్కువగా 5 మెగాహెర్ట్జ్, అంతకు మించిన తేడాకి చేసినవి. మన దేశంలో హ్యామ్‌లకి ఆ బ్యాండ్‌లో ఇచ్చింది 434 నుంచి 438 దాకా, మొత్తం కలిపి నాలుగే. విదేశీ వీడియో చూసి డబ్బు పంపేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

అందుకే నా ఓటు క్రాస్‌బ్యాండ్‌కి. రెండు బ్యాండ్లున్న కొన్ని మొబైల్ సెట్లలో ఈ సదుపాయం తయారుగా ఉంటుంది: వీహెచ్‌ఎఫ్‌లో విన్నది యూహెచ్‌ఎఫ్‌లో పలుకుతుంది. కెన్‌వుడ్ టీఎం-వీ71ఏ, యేసు ఎఫ్‌టీ-8800, 8900 అలాంటివే. పాతవి చేతులు మారుతుంటాయి. కొనేముందు "క్రాస్‌బ్యాండ్ రిపీట్ ఉందా" అని అడిగి, మీ కళ్ల ముందే ఆన్ చేయించి చూడండి. రెండు బ్యాండ్లూ ఉన్నంత మాత్రాన అది ఉందనుకోవద్దు. డ్యూప్లెక్సర్ అక్కర్లేదు, ఒక సెట్టు, ఒక యాంటెన్నా, ఒక బ్యాటరీ, అంతే. ఇంత తక్కువ సామాను కాబట్టే ఇంకొకరు వచ్చి పెట్టగలుగుతారు.

విన్నది రికార్డు చేసుకుని అదే ఫ్రీక్వెన్సీలో తిరిగి వినిపించే చిలక రిపీటర్లు కూడా ఉన్నాయి. చవక. ప్రతి మాటా రెండుసార్లు వినాలి కాబట్టి రద్దీలో ప్రాణం విసుగెత్తిపోతుంది. రెండో వరసలో ఉంచుకోండి.

సెట్టులో పెట్టుకోవాల్సినవి

అందరూ అందరికీ వినబడాలంటే హ్యాండ్‌సెట్లన్నీ ఒక బ్యాండ్‌లో పలికి రెండోదానిలో వినాలి. కొందరు వీహెచ్‌ఎఫ్‌లోనే ఉండి మాట్లాడుకుంటామంటే కొండ అవతలి వీహెచ్‌ఎఫ్ మనిషికి అది వినబడదు. మేం హ్యాండ్‌సెట్లని వీహెచ్‌ఎఫ్‌లో పలికేలా, యూహెచ్‌ఎఫ్‌లో వినేలా ప్రోగ్రామ్ చేస్తాం. తిరగేసి ఎందుకు పెట్టం అంటే, 145ని మూడుతో గుణించండి: 435. వీహెచ్‌ఎఫ్‌లో పలికే పెట్టె మూడో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి మూడింతల దగ్గర వచ్చే నీడ సిగ్నల్) సరిగ్గా మన యూహెచ్‌ఎఫ్ బ్యాండ్‌లోనే పడుతుంది. పెట్టె 145.200లో పలుకుతూ 435.600లో వినాలని చూస్తే దానికి తన గోలే వినబడుతుంది. పెట్టె యూహెచ్‌ఎఫ్‌లో పలికి వీహెచ్‌ఎఫ్‌లో వింటే ఆ తంటా ఉండదు. అయినా ఈ మూడింతల జత దగ్గరికి మాత్రం పోకండి, పెట్టె పక్కన కూర్చున్న మనిషి హ్యాండ్‌సెట్టు నొక్కినప్పుడు కూడా అది బాధిస్తుంది. బ్యాండ్ ప్లాన్ చూసి, ఉపగ్రహాలకి వదిలిన భాగాల జోలికి పోకుండా, ఒక వారం విని ఖాళీగా ఉన్న జత ఎంచుకోండి.

టోన్ (మన సెట్ల మాటకే పెట్టె తెరుచుకునేలా మాటతో కలిపి పంపే గుర్తు ధ్వని) తప్పనిసరి, రెండు పక్కలా. చాలా సెట్లు రెండు దిక్కులా రిపీట్ చేస్తాయి. యూహెచ్‌ఎఫ్ వైపు టోన్ లేకుండా వదిలేస్తే అక్కడ ఏ ఎల్‌ఈడీ బల్బు అడాప్టరో చేసే రొదకి పెట్టె తెరుచుకుని వీహెచ్‌ఎఫ్‌లో పలుకుతూ కూర్చుంటుంది, జనం మాటలు లోపలికి రావు. ఒకే వైపు రిపీట్ చేసే ఏర్పాటు మీ సెట్టులో ఉంటే అదే పెట్టండి.

టైమౌట్ 3 నిమిషాలు పెట్టండి. ఎవరి జేబులోనో హ్యాండ్‌సెట్టు మాట్లాడే మీట నొక్కుకుపోతే పెట్టె తనంతట తాను ఆగాలి. ఆటో పవర్ ఆఫ్ తీసెయ్యండి. గంటసేపు ఎవరూ బటన్ ముట్టుకోలేదని అర్ధరాత్రి సెట్టు నిద్రపోయిందంటే కారణం అదే. బీప్ ఆపండి, కీలు లాక్ చెయ్యండి, మైకు ఊడదీసి సంచిలో వెయ్యండి. శక్తి 10 వాట్లు చాలు. క్రాస్‌బ్యాండ్‌లో సెట్టుకి విశ్రాంతి ఉండదు, 50 వాట్లలో పెడితే వేడెక్కి తనే తగ్గించుకుంటుంది, లేదా కాలుతుంది. పైగా కింద ఉన్న హ్యాండ్‌సెట్టు ఇచ్చేది 5 వాట్లే. మన మాట వాళ్లకి చేరి వాళ్ల మాట మనకి చేరకపోతే ఏం లాభం?

కరెంటు

ఇక్కడ నన్ను కాస్త మాట్లాడనివ్వండి, నా తిండి ఇదే.

10 వాట్ల దగ్గర ఇలాంటి సెట్టు పలికేటప్పుడు సుమారు 5 ఆంపియర్లు, ఊరికే వింటున్నప్పుడు ఒకటి లోపు లాగుతుంది. రోజులో మూడోవంతు సమయం పలుకుతుందనుకుంటే సగటు 2 ఆంపియర్లకి కొంచెం పైన. 24 గంటలకి 50 ఆంపియర్ అవర్ల పైచిలుకు. గిరిప్రదక్షిణ లాంటి రద్దీలో సగం సమయం పలుకుతుందనుకోండి, 70 దాకా పోతుంది. కాబట్టి 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి పెడితే ఒక పగలూ ఒక రాత్రీ నిశ్చింత. బరువు పదమూడు కిలోల లోపే. ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోల పైన ఉంటుంది, మెట్లెక్కించే పని పెట్టుకోకండి. పైగా లెడ్ యాసిడ్‌ని సగం కంటే కిందికి లాగితే దాని ఆయుష్షు పోతుంది. అంటే 100 రాసున్న దాంట్లో మీ చేతికొచ్చేది 50. షాపుకొచ్చిన వాళ్లకి నేను లెడ్ యాసిడే ఎక్కువ అమ్ముతాను, ఇంటికి అది చాలు. ఈ పెట్టెకి మాత్రం వద్దు.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. సెట్టు దగ్గర పెట్టిన ఫ్యూజు సెట్టుని కాపాడుతుంది, మధ్యలో వైరు నలిగి షార్టయితే మంటని ఆపదు. మేం 10 వాట్లే వాడతాం కాబట్టి 15 ఆంపియర్లది వేశాం. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వెయ్యండి, సన్నదేస్తే పలికేటప్పుడల్లా వోల్టేజి కిందికి జారుతుంది. అన్ని ప్లగ్గులూ ఒకే రకం ఉండాలి. మేం ఆండర్సన్ పవర్‌పోల్ పెట్టుకున్నాం, తిరగేసి గుచ్చడం కుదరదు. మొసలి క్లిప్పులు పెట్టెలోకి రానివ్వకండి. చీకట్లో, వానలో, కంగారులో ప్లస్సూ మైనస్సూ మారిపోయేది వాటితోనే.

సోలార్ ప్యానెల్ 100 వాట్లది ఎండ బాగుంటే రోజుకి పాతిక ఆంపియర్ అవర్ల వరకు ఇస్తుంది. ఆషాఢ మబ్బుల్లో ఆ లెక్క పెట్టుకోవద్దు. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య పెట్టే చవక చార్జ్ కంట్రోలర్లు రేడియోలో రొద పెడతాయి. పెట్టెలో బిగించేముందు సెట్టు ఆన్ చేసి, స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రొదని మూసేసే ఏర్పాటు) తెరిచి, కంట్రోలర్ తగిలిస్తూ తీస్తూ వినండి. తేడా వినబడితే రొదని అణిచే ఫెర్రైటు రింగుల్లోంచి వైరు నాలుగు చుట్లు తిప్పండి, అప్పటికీ పోకపోతే అది మార్చండి.

యాంటెన్నా, కేబుల్

ఎత్తుకి ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: మీటర్లలో ఎత్తుకి వర్గమూలం తీసి నాలుగుతో గుణిస్తే కిలోమీటర్లు. 100 మీటర్ల కొండ మీంచి 40 కిలోమీటర్లు, పదంతస్తుల మేడ మీంచి 24 దాకా చూపు ఆనుతుంది. అందుకని కొండ మీద పొడుగు స్తంభం కోసం అవస్థ పడొద్దు, పొదల పైన తల కనిపిస్తే చాలు. కొండల్లో ఎక్కడ పెట్టాలన్నది వేరే సంగతి. సింహాచలం గుడి ఉన్న చోటు చుట్టూ కొండలే, అక్కడ పెడితే ఊరు కనబడదు. దిక్కులన్నీ కనిపించే గట్టు కావాలి. తుపాను తర్వాత అయితే కొండ ఊసే ఎత్తకండి, దారి ఉండదు. నడిచి చేరగలిగిన, మనిషి కాపురమున్న ఎత్తయిన మేడే మేలు. మీ ఊళ్లో అలాంటి నాలుగు మేడలు ముందే మాట్లాడి పెట్టుకోండి.

కేబుల్‌లో జనం పొదుపు చేస్తారు. 20 మీటర్ల సన్న ఆర్‌జీ-58 వేస్తే యూహెచ్‌ఎఫ్‌లో సెట్టు ఇచ్చిన 10 వాట్లలో యాంటెన్నాకి చేరేది రెండు, రెండున్నర. లావుపాటి ఎల్‌ఎంఆర్-400 వేస్తే ఆరున్నర. వచ్చే సిగ్నల్‌కీ ఇదే గతి. లావు కేబుల్ మడతకి లొంగదు, పెట్టెలో చోటు తింటుంది. మా రాజీ ఏమిటంటే లావుదే, పది మీటర్లు మాత్రమే. పెట్టె యాంటెన్నా కిందే ఉంటుంది, మనిషి కాస్త ఎడంగా కూర్చుంటాడు.

సెల్ టవర్ పక్కన పెట్టకండి, పెట్టె చెవుడెక్కుతుంది. స్తంభం లేపేముందు పైకి చూడండి. కరెంటు తీగ ఉంటే, స్తంభం ఎటు పడినా తగలనంత దూరం జరగండి. మూడు పక్కలా తాళ్లు కట్టండి. ఉరుము వినబడితే కేబుల్ ఊడదీసి స్తంభం దించెయ్యండి. రిపీటర్ పోయినా నెట్ (ఒకరి అజమాయిషీలో అందరూ వంతులవారీగా మాట్లాడుకోవడం) సింప్లెక్స్‌లో, అంటే సెట్టు నుంచి సెట్టుకి నేరుగా, నడుస్తుంది. సముద్రపు గాలికి కనెక్టర్లు నెలల్లోనే పచ్చబడతాయి, అతుకులకి సాగే రబ్బరు టేపు చుట్టండి.

పెట్టె, దానిలోని చీటీ

తయారయ్యాక మా పెట్టెని మేడ మీద ఒక ఇంజినీరింగ్ కుర్రాడి ముందు పెట్టాం. కొత్తగా లైసెన్సు వచ్చింది, ఇలాంటిది ముట్టుకోలేదు. మేం గోడవార కుర్చీల్లో నోరు కుట్టేసుకుని కూర్చున్నాం. స్తంభం బాగానే లేపాడు. బ్యాటరీ ప్లగ్గు చూడకుండానే పెట్టేశాడు. తర్వాత సెట్టు వెనక నిలబడి, కేబుల్ చివర చేతిలో పట్టుకుని, "అంకుల్, ఇది ముందు పెట్టాలా, సెట్టు ముందు ఆన్ చెయ్యాలా?" అన్నాడు. మా గురువుగారు ఆకాశంకేసి చూశారు. కుర్రాడు కాసేపు ఆలోచించి కేబులే ముందు పెట్టాడు. కానీ చీటీలో ఆ మాట లేదని మాకు అప్పుడు తెలిసింది. యాంటెన్నా లేకుండా పలికిస్తే సెట్టు పాడవ్వచ్చు. ఇప్పుడు మా చీటీలో మూడో వాక్యం, ఎర్ర అక్షరాల్లో: "యాంటెన్నా కేబుల్ బిగించకుండా స్విచ్ వెయ్యవద్దు." సెట్టు స్విచ్ మీద అదే ఎర్ర రంగు చుక్క, కేబుల్ చివరా అదే చుక్క.

చీటీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ల్యామినేట్ చేసి మూత లోపల అంటించండి. ఒకవైపు బిగించే వరస, రెండోవైపు ఫ్రీక్వెన్సీలు, టోను, సింప్లెక్స్ ఫ్రీక్వెన్సీ, హ్యాండ్‌సెట్లో చేత్తో ఎలా ఎక్కించాలో. సామాను రెండు భాగాలుగా సర్దండి: సెట్టు, కేబుళ్లు ఒక పెట్టె, బ్యాటరీ ఇంకో సంచి. స్తంభం ఎటూ విడిగానే ఉంటుంది. చెట్లు పడిన వీధిలో స్కూటరు దిగి ఇద్దరు మోసుకుని నడవగలగాలి.

పదిమందిలో పాము చావదంటారు, పదిమంది పెట్టె కూడా చార్జి అవ్వదు. బాధ్యత ఒక మనిషి పేరున ఉండాలి, ఏడాదికోసారి పేరు మారాలి. ఇప్పుడది మా ఇంట్లో ఉంది, దేవుడి గది పక్కన. మా ఆవిడ దాన్ని "మీ రెండో సంసారం" అంటుంది. నెలకో ఆదివారం పెట్టె తీసి అరగంట నెట్ నడపడం, ప్రతిసారీ వేరే చేత్తో బిగించడం మా ఆనవాయితీ.

ఆ రోజు

ముందు వారం దారంతా ఒకరు హ్యాండ్‌సెట్టుతో నడవాలి, కారులో కాదు. పెట్టె దగ్గర ఒకరు వింటూ రాసుకోవాలి. కొండ భుజం అడ్డొచ్చే చోట్లు బయటపడతాయి. శిబిరాన్ని యాభై అడుగులు జరిపితే చాలాసార్లు సరిపోతుంది.

పెట్టె దగ్గర మనిషి ఎప్పుడూ ఉండాలి. ఆపెయ్యాల్సి వస్తే ఆపడానికీ, కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తు పేరు) వినిపించడానికీ, కోతుల్ని తోలడానికీ. నెట్ నడిపే మనిషి మాత్రం కింద, వైద్య శిబిరాల గురించి నిర్ణయాలు తీసుకునేవాళ్లు ఉండే చోట కూర్చోవాలి.

కొత్తవాళ్లకి చెప్పాల్సింది ఒకటే: మీట నొక్కి, ఒక క్షణం ఆగి మాట్లాడండి. పెట్టె తెరుచుకోవడానికి ఆ క్షణం పడుతుంది. ఆగకపోతే "తొలిపావంచా" కాస్తా "పావంచా" అయి వస్తుంది. ఇంకొకరికి సందు దొరకాలంటే మాటకీ మాటకీ మధ్య రెండు సెకన్లు వదలండి. తప్పిపోయిన పాప గురించి చెప్పేటప్పుడు వయసు, బట్టల రంగు, ఏ శిబిరం దగ్గరుందో చెప్పండి. పేరు, ఇంటి చిరునామా గాల్లో చెప్పొద్దు, వినేవాళ్లు ఎవరైనా కావచ్చు.

ముగిశాక అలిసిపోయి అన్నీ కుక్కేస్తారు. తడిసిన తాళ్లు పెట్టెలో పెట్టకండి, మర్నాడు ఎండబెట్టి వెయ్యండి. పోయిన మేకులు, తెగిన టేపు పుస్తకంలో రాయండి. తీసుకెళ్లినవాళ్లే కొనిపెట్టాలి. లిథియం బ్యాటరీని నిండా చార్జి చేసి నెలల తరబడి ఉంచడం మంచిది కాదు, సగానికి కాస్త పైన పెట్టి ఉంచండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు నింపుకోవచ్చు, వాతావరణ శాఖ ఆ పాటి వ్యవధి ఇస్తూనే ఉంది.